సోనీ అబద్ధం ఆడలే

గట్ల తలుపు మీదికేస్తవేంది చెల్లే! ఆడోళ్ల పార్లర్ల మొగోళ్లు అడుగు పెట్టొద్దని నాకు తెల్వదా? బోర్డు చదివే ఆగిన. గడపకు ఇవతలనే ఉన్న, సూడు. చెప్పులు గూడ మెట్ల కిందనే ఇడిశిన.

ఎవలంటవా? పాల గోవర్ధన్ని. సోనీ బాపును. ఆఁ, ఇప్పుడు ఎరుకపట్టినట్టున్నవ్, మొకం గట్ల ముడుసుకున్నవ్.

నేను లొల్లి చెయ్యనీకి రాలే. న్యాయం అడగనీకొచ్చిన. ఆర్నెల్లు నీ దగ్గర పని నేర్చుకున్న పిల్లను, ఒక్క మాట మీద పో అంటవా? సైదాబాద్‌ల ఇంకో పార్లర్ లేదనుకున్నవా? ఉన్నయిలే. గాని అది నందినక్క దగ్గరే నేర్చుకుంట అంటది. పొద్దుగాల లేస్తే నీ పేరే. నందినక్క గిట్ల దువ్వుతది, నందినక్క గట్ల కత్తిరిస్తది. మా ఇంటామె ఆండాలుకు చెవులు నొప్పి పుట్టినయి.

నీ కాయిదా ఏందో నాకు ఎరుకే. నేర్చుకునేటోళ్లు ఎవ్వలి తలమీద ఎంటికలు సాపుజేసే మిషిన్ పెట్టాలన్నా, ముందుగాల తన తలమీద చేసి చూపియ్యాలె. మంచి కాయిదానే. మరి చూపిచ్చింది గదా! ముందుగాల, నువ్వు రాకముందే, ఇంటికాడికెల్లి తెచ్చుకున్న తన స్ప్రే కొట్టుకున్నది, పాయలు పాయలు తీసింది, మిషిన్ పెట్టింది. నువ్వు చెప్పిన తరీకానే గదా?

సుయ్యిమని పొగ లేసిందని నాకూ తెలుసు. కుడిదిక్కు ఎంటికలు చెవి కాడికి మాడిపోయినయి. ఇంటికొచ్చి అద్దానికి గుడ్డ కప్పింది నా బిడ్డ. అరె, తప్పు మీ మిషిన్‌ది ఎందుకు గాకూడదు? మస్తు వేడి పెట్టినవేమో!

కాదా? అదే మిషిన్‌తోని అదే దినం ఇంకో ముగ్గురికి చేసినవా?

సరే, మరి స్ప్రేనే నకిలీదేమో. ఈ కాలంల ఏది అసలుదో ఎవలికి ఎరుక? మేం పాలల్ల నీళ్లు కలపకపోయినా కలిపినమనే అంటరు జనం.

ఏంది? కొబ్బరినూనె వాసనొచ్చిందా?

కంపెనీవోళ్లు కలుపుతరేమో చెల్లే. ఎంటికలకు మంచిదే గదా కొబ్బరినూనె.

కాదంటవ్. మిషిన్ పెట్టేముందు కొబ్బరినూనె రాస్తే ఏమైతది మరి? ఆఁ... ఆఁ... స్ప్రే అయితే ఎంటికె మీద సన్నటి పొరలెక్క కూసొని, వేడిని ఒక్కసారి తాకనియ్యదా? నూనె అయితే పెనం మీద పోసినట్టే, ఎంటికె అండ్లనే వేగుతదా? నీళ్లు గూడ ఉంటే ఇంకా అన్యాయమా? తడి ఎంటికె లోపల్నే మరుగుతదా?

అబ్బ. నీళ్లు గూడ పోసిన... నీళ్లు గూడ ఉండెనేమో అంటున్న.

జర మంచినీళ్లియ్యి చెల్లే. ఎండ మస్తుగుంది.

నువ్వు దాన్ని ఎల్లగొట్టింది మాడినందుకు కాదంట గదా. మాడితే మళ్ల నేర్పుదువట. "నూనె రాసుకొనొచ్చి, స్ప్రే కొట్టిన అని నా మొకం మీద అబద్ధమాడుతవా, అబద్ధాలోళ్లు నా దగ్గరొద్దు" అన్నవంట. నలుగురు కస్టమర్ల ముందట. సోనీ ఒట్టేసి ఖసం తిన్నదంట, నువ్వు నమ్మలే.

నమ్మాలె చెల్లే. నా బిడ్డకు అబద్ధం రాదు. చిన్నప్పుడు పాలగిన్నె తన్నితే, నేను అడగకముందే వచ్చి నేనే తన్నిన అన్నది. గా గుణం వాళ్లమ్మది. నాది కాదు.

ఇగ దాయను. ఇను.

మొన్న మా గల్లీల సదర్, దున్నలను ముస్తాబుజేసి ఊరేగించే పండుగ, జరిగింది గదా, దీపావళి తెల్లారి. మా బాద్‌షాను నువ్వు చూసే ఉంటవ్. మా దున్న. ప్రతి యాడాది నేనే దానికి తానం పోస్త, ఒళ్లంత నూనె పట్టిస్త, కొమ్ములకు రంగేస్త. ఈ యాడాది ఫలక్‌నుమా నుంచి ఎల్లేష్ గాడు తన దున్నను తెస్తున్నడని తెలిసింది. అద్దం లెక్క మెరుస్తుందంట అది. నాకు కడుపుల మంటలేసింది.

గూట్ల సోనీ స్ప్రే కనబడ్డది. డబ్బ మీద ఒకామె బొమ్మ, ఆమె జుట్టు నిగనిగలాడుతున్నది. ఇంక ఆగుతనా చెల్లే? ముందుగాల బాద్‌షా నెత్తి మీద కొట్టిన. మెరిసింది! మెడ మీద కొట్టిన. మెరిసింది! దున్న అంటే చిన్నదా? వీపు కాడికొచ్చేసరికి డబ్బ ఖాళీ.

నవ్వు, నవ్వు. నేనూ నవ్విన గా దినం. జనం నా దున్న చుట్టే మూగిండ్రు. ఏం రాసినవన్నా అని ఎల్లేష్ గాడే వచ్చి అడిగిండు. మీసం తిప్పిన.

ఇంటికొచ్చినంక భయమైంది. సోనీ ముచ్చటపడి కొనుక్కున్న డబ్బ అది. అడిగితే ఏం చెప్పాలె? దున్నకు కొట్టిన అంటే కొడ్తదా, ఏడుస్తదా? గందుకే సగం నీళ్లు, సగం కొబ్బరినూనె పోసి, మంచిగ ఊపి, మళ్ల గూట్లనే పెట్టిన. ఎంటికలకే గదా, ఏమైతది అనుకున్న. నా ఖర్మ, ఏమైతదో ఇప్పుడు నువ్వు చెప్పినవ్.

అది ఊపుకొని కొట్టుకున్నది. వాసన చూడలేదా అంటవా? మా ఇంట్ల అందరి తలలు కొబ్బరినూనె వాసనే చెల్లే, ఆ వాసన మా ముక్కులకు తెలుస్తదా!

దాన్ని వాపస్ తీసుకో. నా మీద కోపం నా మీదనే పెట్టుకో. గా నలుగురు కస్టమర్లకు గూడ చెప్పు, సోనీ అబద్ధం ఆడలేదని. కావాల్నంటే నేనే వచ్చి గీ గడప మీద నిలబడి చెప్త, నాకు శరం లేదు.

సోనీకి చెప్పిన్నా అంటవా? లేదు. ఎట్ల చెప్పాలె? అది నాతోని ఏమన్నదో ఎరుకేనా? "బాపూ, తప్పు నాదే అయ్యుంటది, నా చేతికే ఈ పని రాదేమో" అన్నది. నన్ను ఒక్క పారి గూడ అనుమానపడలే.

సరే, సరే. ముందు దానికి చెప్పాలె, తర్వాతనే తోలుకొని రావాలె. నీ షరతు మంచిదే. ఇయ్యాలనే చెప్త. ఏడ్చినా, తిట్టినా పడ్త.

ఆఁ? ఏమన్నవ్?

ఇది జరిగి నాలుగు దినాలాయె, ఇన్ని దినాలు ఏం చేసినవ్ అంటవా?

...పని పోయిన తెల్లారి, నేను లేచేటాల్లకు అది కొట్టంలున్నది. తలకు చున్నీ గట్టుకొని పేడ ఎత్తుతున్నది. నేను ఏం చెప్పలే. బర్లు దాన్ని ఒక్క తన్ను గూడ తన్నలే, చక్కగ పాలిచ్చినయి. ఇగ నువ్వెందుకు లేసుడు బాపూ, నేను చూస్త, నువ్వు పండుకో అన్నది. రెండో దినం గూడ గంతే. మూడో దినం గూడ. ఇయ్యాల గూడ.

ఇరవై యేండ్ల సంది తెల్లారుజామున లేస్తున్నోన్ని చెల్లే. నాలుగు దినాలు మంచిగ నిద్రపోయిన.