రెండో సోపు

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో సుబ్బరాయ ఇల్లు. పొద్దున తొమ్మిదిన్నర. భార్యాభర్తలు కాశీయాత్రకు సామాను సర్దుతున్నారు.

“జలజా, ఏండ్లుగా నాకొక సందేహం ఉండాది. అడగొచ్చునా?”

“వ్యాను వచ్చే వేళకా? ఆ దువ్వెన ఇట్లియ్యండి.”

“యాడికి పోయినా నువ్వు రెండు సోపులు ఏమిటికి పెడతావు? ఒకటి రుద్దుకుంటాము. రెండోది కాగితం గూడా విప్పకుండా పోతాది, అట్లే తిరిగి వస్తాది. ధర్మస్థల చూసింది, రామేశ్వరం చూసింది. నాకంటే ఎక్కువ పుణ్యం ఆ సోపుకే.”

“ఒకటి పోతే ఇంగొకటి ఉంటాది.”

“పోయిందా ఎప్పుడైనా?”

“పోలేదు కాబట్టే మిగిలింది. సంచి తూకానికి తగిలించండి.”

“ఎనిమిదిన్నర కిలోలు! విమానంలో మనిషికి ఏడు కిలోల చేతిసంచి, అంతే అని యాత్రకు పిలుచుకుపోయే మూర్తి ఎన్నిసార్లు చెప్పినాడు? ఒకటిన్నర కిలో తీయాల. ముందర ఆ సోపు తీ.”

“సోపెంత? నూట పాతిక గ్రాములు. అర లీటరు కొబ్బరినూనె సీసా పెట్టింది ఎవరు?”

“కాశీలో చలికి కాళ్ళు పగులుతాయి.”

“నూరు మిల్లీ దాటితే ఆడనే పారేయిస్తారంట. ఇదో, ఈ చిన్న సీసాలో పోసినాను.”

“ఇది దగ్గుమందు సీసా.”

“కడిగినాను లేండి.”

“కాళ్ళకు దగ్గు రాదులే, సరే. ఇదేమి, కత్తెర? కత్తెరతో విమానం ఎక్కనిస్తారా?”

“గోళ్ళకు…”

“తీయి. ఇదేమి? కిలో సీకాయపొడి! ఆడబిడ్డకు సారె పంపిస్తా ఉండావా?”

“ఆడోళ్ళం ఆరుమందిమి పోతా ఉండాము.”

“ఆరుమందికీ నువ్వే తల అంటుతావా? నాలుగు దినాల యాత్రకు నాలుగు షాంపూ పొట్లాలు సాలు.”

“అరవద్దండి. తీసేసినాను. పళ్ళపొడి, విబూది, పిన్నీసులు, మాత్రలు. ఇంగ ఇంతే. మళ్ళా తూకం వేయండి.”

“ఏడు కిలోల నూరు గ్రాములు. ఆ సోపు తీసేస్తే సరిపోయె.”

“మీ సంచి నిండిందని ఇందులో పెట్టిన పంచపాత్ర తీయండి. రాగిది, అర కిలో ఉండాది.”

“సంధ్యావందనం చేసే పంచపాత్ర తీసి సోపు పెట్టాలనా? బుద్ధుండాదా నీకు?”

“అయితే నా చీర ఒకటి తీస్తాను.”

“ఉండేదే రెండు చీరలు! జలజా, ఇట్ల చూడు. ఎవరికి ఆ సోపు?”

“మీ ఫోను మోగతా ఉండాది.”

“హలో, మూర్తీ… ఆఁ, అయిపోయె… సంచులు రెండే, ఆమెదొకటి నాదొకటి… బజారు కాడికి వస్తివా? సరే, సరే. పెట్టేసినాడు. ఇంగ చెప్పు. ఎవరికి?”

“మీ అక్కకు.”

“ఏ అక్క?”

“ఎంతమంది అక్కలుండారు మీకు? శ్రీనివాసపురం నేత్రావతి వదినకు.”

“ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని—”

“పంతొమ్మిదేండ్లుగా ఎత్తలేదు. ఈ పొద్దు మీరే అడిగితిరి. తిరుమలకు అందరమూ పోయినప్పుడు నేను సోపు మరిచిపోయి వస్తిని. వదిన తన గంధం సోపు ఇచ్చె. సోపు చేతిలోనుంచి చేతికి తీసుకుంటే వైరం వస్తాది, కింద పెడితే ఎత్తుకోవాల అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పేది. తొందరలో చేయి చాపి తీసుకుంటిని. మధ్యాన్నానికంతా గలాటా.”

“ఆమె ఏమనింది, అది చెప్పవే? ‘మీ కేజీఎఫ్‌లో నీళ్ళే రావు, ఇంగ సోపు యాడ అలవాటు’ అని పదిమంది ముందర అనింది.”

“ఎగతాళికి అనింది. క్యూలో అందరూ నవ్విరి, నేనూ నవ్వితిని. మీరేమంటిరి?”

“అదంతా ఇప్పుడేమిటికి?”

“‘నీ సోపు నీ మొహాన కొడతా, ఇంగ నా గడప తొక్కొద్దు, నీ గడప నేను తొక్కను’ అంటిరి. కొట్టనూ లేదు, ఇయ్యనూ లేదు. సోపు నా సంచిలోనే ఉండిపోయె. ఆ ఏటి నుంచి వదిన పంపే మామిడిపండ్ల బుట్ట రాలేదు. వాళ్ళ మనవరాలి పేరేమో గూడా మనకు తెలీదు.”

“అదే సోపా ఇది?”

“వాసన పోతానే కొత్తది కొంటాను. ఇది ఏడోదో ఎనిమిదోదో. వదిన యాడైనా కనపడితే తిరిగి ఇచ్చేస్తే వైరం విడిచిపోతాదని.”

“పిచ్చిదానా, శ్రీనివాసపురం ఏం దూరమని? బస్సెక్కితే పోతాము. ఆమెను రామేశ్వరంలో వెతికితివా?”

“గడప తొక్కొద్దంటిరి గదా. గడప లేని చోటు యాత్రలో తప్ప యాడుండాది, చెప్పండి.”

“అందుకా ప్రతి యాత్రకూ రెండు సోపులు?”

“ఇంగొక మాట. మూర్తి రాసిన యాత్ర చీటీలో వదిన పేరు చూసినాను. కోలార్ బస్టాండులో ఎక్కుతాది.”

“ఏమీ? తెలిసి నాకు చెప్పలేదా? నేను రాను. విప్పు ఆ సంచి!”

“విప్పను. విప్పీ కట్టీ నా నడుము పోయింది.”

“జలజా!”

“అరవండి. ఒక్కటి చెప్పి అరవండి. చేయి చాపి తీసుకునింది నేను. నా వల్లనే తోడబుట్టినోళ్ళు విడిపోయిరని పోయిన ప్రతి గుడిలో దండం పెట్టుకుంటా ఉండాను. నా తప్పే గదా?”

“నీ తప్పేమిటికవుతాది? నాకే అర్థం కాదు జలజా. రోజూ సహస్రనామం చదివే నోరు ఇది. స్వామి దర్శనానికి పోతా, ఆ వరసలోనే నిలబడి ఆ మాట అనింది గూడా ఇదే నోరు. మధ్యలో సోపు ఏం చేసింది పాపం? నీ చెయ్యి ఏం చేసింది?”

“వ్యానోడు హారన్ కొడతా ఉండాడు. వస్తారా, రారా?”

“ఆ పంచపాత్ర ఇట్లియ్యి. పూజగూటిలో పెట్టేసి వస్తాను.”

“సంధ్యావందనం ఎట్ల మరి?”

“గంగ ఉండాది, చెయ్యి ఉండాది. ఆ సోపును అడుగున తొయ్యద్దు. పైన పెట్టు, చేతికందే మాదిరి.”

కోలార్ బస్టాండు. వ్యానులోకి ఎక్కిన నేత్రావతి.

“జలజా! నువ్వేనా? తలంతా తెల్లబడిపోయిందే!”

“రాండి వదినా, కిటికీ పక్కన కూచోండి.”

“వాడేమిటికి బయటికి చూస్తా ఉండాడు?”

“బంగారపేట దాటినప్పటి నుంచి అట్లే ఉండారు.”

“ఒరే సుబ్బూ, నేను ఎక్కితినని దిగిపోతావా?”

“టికెట్టు దుడ్లు వాపసు రావంటక్కా.”

“అక్కా అనె! వింటివా జలజా?”

“వింటిని. మీ సంచి ఇంతేనా వదినా?”

“ఏడు కిలోలు, ఏడు కిలోలు అని నా కోడలు అన్నీ తీసి బయట పెట్టేసె. నూనె లేదు, సోపు లేదు. అడిగితే ‘దిగిన చోట ఇస్తారులే అత్తా’ అంటాది.”

“ఏమక్కా, మీ శ్రీనివాసపురంలో మామిడిపండ్లే గానీ సోపు దొరకదా?”

“ఏమండీ! మళ్ళా మొదలుపెట్టినారా?”

“అననీలే జలజా. వాడికి ఒక ఎగతాళి బాకీ ఉండాను, తీరిపోయె.”

“నేనూ బాకీ ఉండాను వదినా. ఇదో, గంధం సోపు. తిరుమలలో మీరిచ్చినదానికి బదులు. సీటు మీద పెడతాను, మీరే ఎత్తుకోండి. చేతికి చేయి వద్దు, వైరం వస్తాది.”

“చేతికే ఇయ్యి తల్లీ. ఇంగొక పంతొమ్మిదేండ్లు కొట్లాడేదానికి నాకు ఆయుస్సు యాడుండాది?”