ఆపకుండా మార్చిన మనిషి

అబ్బే, అదంత పెద్ద విషయమేమీ కాదు. నడుస్తున్న మిషన్‌ని ఆపకుండా దాని కడుపులో చిన్న మార్పు చేశాను, అంతే. ఆఫీసు వాళ్ళు ఆకాశానికెత్తేశారు గానీ, నా మటుకు నాకు చెప్పుకోవాలంటేనే మొహమాటం. మీరింతగా అడుగుతున్నారు కాబట్టి చెబుతాను.

“చెప్పు బావా, వింటున్నాం.”

చూశారా మా బావమరిదిని? ఇదివరకు నేను నోరు తెరిస్తే చాలు, చెప్పుల కోసం వెతుక్కునేవాడు. ఇవాళ కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ కూర్చున్నాడు. వాళ్ళక్క పోయిన దగ్గర్నుంచీ నేనంటే వీడికి ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. నాకు అదే నచ్చట్లేదు. సరే, కథలోకి వద్దాం.

ఈ పొడుగువాడు మా ఆఫీసువాడే, వీడికి అక్కర్లేదు గానీ, టైలరు గారూ, మీకోసం కాస్త విడమర్చి చెప్తాను. మిషన్ అంటే పెద్ద కంప్యూటరు. అందులో కెర్నెల్ అని ఒకటుంటుంది. ఇంటికి ఇల్లాలు ఎలాగో మిషన్‌కి అది అలాగ. ఎవరికేం కావాలన్నా దాన్నే అడగాలి. అది ఒక్క క్షణం నడుం వాల్చిందంటే ఎక్కడి పని అక్కడే. ఊళ్ళో ఫోన్లన్నీ మా మిషన్ మీదుగానే వెళ్ళేవి. ఒక రోజు ఉన్నట్టుండి అది నత్తనడక మొదలెట్టింది. లోపల ఎవరో ఎక్కడో తాత్సారం చేస్తున్నారన్నమాట. ఎవరో తెలియాలంటే కెర్నెల్‌లో ఏ పని ఏ పనిని పిలుస్తోందో, ఎప్పుడు పిలుస్తోందో వరసగా రాసుకోవాలి. దాన్నే మేం ట్రేసింగ్ అంటాం.

“ఆపి చూసుకోవచ్చు కదా గురువుగారూ?”

మీకేం, మీ కుట్టుమిషన్ పెడలు మీంచి కాలు తీస్తే ఆగుతుంది. ఇది ఆపితే ఊరంతా మూగబోతుంది టైలరు గారూ. మీరు ప్యాంటు కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదులుతారు కదా, రేపు మనిషి లావెక్కితే విప్పుకోవచ్చని. అలాగే కెర్నెల్‌లో ప్రతి పని గుమ్మంలోనూ ఐదు గళ్ళు ఖాళీగా వదిలేస్తారు. అవి ఏమీ చెయ్యవు. ప్రాసెసరు, అంటే మిషన్‌లో పనులన్నీ చేసే కూలీ, వాటిని దాటుకుని లోపలికి పోతుంది. మనకి కావలసినప్పుడు ఆ గళ్ళలో ‘ముందు ఇటొచ్చి పేరు రాయించుకుని వెళ్ళు’ అని రాస్తాం. అవసరం తీరాక చెరిపేస్తాం.

రాయడమేగా అనుకోకండి. మనం రెండు గళ్ళు రాసేలోపు ఇంకో ప్రాసెసరు అటుగా వచ్చి చదివిందనుకోండి, సగం పాత మాట, సగం కొత్త మాట, రెండూ కలిసి అర్థంపర్థం లేని మాట. దాన్ని నమ్ముకుని అడుగేస్తే గోతిలో పడుతుంది, దాంతోపాటు మిషనంతా పడుతుంది. అందుకని ముందు మొదటి గడిలో ‘ఆగు’ అని ఒక గుర్తు పెడతాం. అటు వచ్చినవాళ్ళని కాపలావాడు పట్టుకుని, ‘లోపల పని జరుగుతోంది బాబూ, ఇటునుంచి దాటి వెళ్ళు’ అని పంపించేస్తాడు. ఈలోగా మిగతా నాలుగు గళ్ళూ రాసేస్తాం. అందరూ కొత్తది చూశారని రూఢి చేసుకున్నాక, ఆఖర్న ఆ గుర్తు తీసి అసలు మాట పెడతాం. ఎవరూ ఆగరు, ఎవరూ పడరు. ఒక్క గుమ్మంలో మాత్రం రాయకూడదు, ఆ పేర్లు రాసుకునేవాడి గుమ్మంలో.

“అక్కడెందుకు రాయకూడదు గురువుగారూ?”

అదిప్పుడెందుకు లెండి. ఆ చలిగదిలో, ఫ్యాన్ల రొదలో, వెనకాల పెద్ద బాసు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉండగా, ఎనిమిది ప్రాసెసర్లు పరుగులు తీస్తుంటే నేనా పని చేశాను.

ఏం లేదు, కంగారుపడకండి. ఊరికే ఆగాను. ఇక్కడ మా ఆవిడ అడ్డు తగిలేది. ఆ తలుపు పక్క కుర్చీలో కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే ‘మొన్న నాలుగన్నారు’ అనేది. మీరంతా పకపకా నవ్వేవాళ్ళు. నేను ‘నువ్వూరుకోవే’ అని ఇంకాస్త పైకెక్కేవాణ్ణి. ఆవిడ కోసం ఇక్కడ కాస్త చోటొదిలి మాట్లాడటం అలవాటైపోయింది. పోనీండి. ఎనిమిది కాదు, అరవైనాలుగు.

“ఉంటాయి సార్, అరవైనాలుగు.”

ఏరా పొడుగూ, ఆ మిషన్ దగ్గర నాతోపాటు కూర్చున్నవాడివి. అందులో ఎన్నున్నాయో నాకంటే నీకే బాగా తెలుసు. అయినా తలూపేశావు. సరే, అయితే వెయ్యి.

వెయ్యి ప్రాసెసర్లు. కీబోర్డు అందుకుంటే నా వేళ్ళ వేగానికి మీటలు మైనంలా కరిగిపోయాయి. దాన్ని పక్కన పడేసి చిటికెన వేలితో తీగ మీదే టకటకలాడించాను. ప్రాసెసర్లు వచ్చినవి వచ్చినట్టు నా ముందు వరస కట్టి, ‘ఎటు వెళ్ళమంటారు సార్’ అని అడగడం మొదలెట్టాయి. ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి సాగనంపాను. ఒక ముసలి ప్రాసెసరుకి మోకాళ్ళ నొప్పులు, దాన్ని చెయ్యి పట్టుకుని దాటించాను. ఊళ్ళో ఒక్క ఫోను తెగలేదు. ఫోన్లో పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు కూడా మాట మీద మాట విసురుకుంటూనే ఉన్నారు, మధ్యలో నేను దూరి వచ్చినట్టు వాళ్ళకి తెలియనే తెలియదు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా?

“ఏమైంది బావా?”

పేరు పాకిపోయింది. మర్నాడు బస్సు డిపో మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ‘నడుస్తున్న బస్సుకి చక్రం మార్చాలి, లోపల పరీక్షకెళ్ళే పిల్లలున్నారు, ఆపడానికి లేదు’ అన్నాడు. నేను బస్సు పక్కనే పరిగెడుతూ ముందు చక్రం చెవిలో ‘ఆగు’ అన్నాను. మిగతావి దొర్లుతున్నాయి, అదొక్కటే గాల్లో ఆగింది. మార్చేశాను. డ్రైవరుకి తెలియలేదు. కండక్టరు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను టికెట్ అడిగాడు.

నవ్వరేం? ఈ టికెట్ దగ్గర ఎప్పుడూ నవ్వేవాళ్ళు.

సరే, బస్సు తర్వాత విమానం. ఇంజను పాడైంది, కింద సముద్రం. రెక్క మీద పడుకుని మార్చాను. చలికి చేతులు కొంకర్లు పోతుంటే లోపలి అమ్మాయి కిటికీ తట్టి టీ కావాలా అని సైగ చేసింది. చక్కెర తక్కువ అని సైగ చేశాను. ఆ తర్వాత భూమి. తిరుగుతుంటే కిరకిరమంటోందని నాకే కబురొచ్చింది. ఆపితే మనమంతా ఎగిరి అవతల పడతాం కదా. పొద్దున్నే సూర్యుడు సగం పైకొచ్చాక మొదటి గడిలో ‘ఆగు’ పెట్టాను. ఆ సగం సూర్యుడు అలాగే కూర్చున్నాడు. పాలవాడు వచ్చాడు, పేపరువాడు వచ్చాడు, కాపలావాడు ఇద్దర్నీ పక్కనుంచి దాటించాడు. నేను ఇరుసుకి నూనె పెట్టి, చేతులు తుడుచుకుని, గుర్తు తీసేశాను. మిగతా సగం సూర్యుడు పైకొచ్చాడు. ఆ రోజు ఆఫీసుకి ఎవరికీ ఆలస్యం కాలేదు.

“అవును గురువుగారూ, ఆ పొద్దున నాకూ గుర్తుంది.”

మీరు కూడానా టైలరు గారూ? ఇదివరకు మీరు జేబులోంచి కత్తెర తీసి, ‘కోతలకి నాకు ఇది కావాలి, మీకు నోరు చాలు’ అనేవారు. అందరూ ఎందుకండీ ఇలా తలూపుతున్నారు? ఒక్కరైనా ‘ఇది మరీ చెవిలో పువ్వు’ అనండి. నేను పైకెక్కుతూ పోతున్నాను, మీరంతా కింద నిచ్చెన పట్టుకుంటున్నారు. ఆవిడైతే బస్సు దగ్గరే పట్టుకునేది. ‘ఇక దిగండి, అన్నం చల్లారిపోతోంది’ అనేది. ఆ మాటతో కథ అయిపోయేది, మీరు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు కథ ముగించడం చేతకాదండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దీన్ని నేను ముగించలేదు.

చేతకాదు కాబట్టి చెబుతూనే ఉంటాను. ఇంకొకటి ఉంది. ఇది మీకెవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో జరిగింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ‘గుండె కాసేపు ఆపి బాగుచేస్తాం, తర్వాత మళ్ళీ నడిపిస్తాం, మేం రోజూ చేసే పనే’ అన్నాడు. ‘ఆపడమేమిటండీ’ అన్నాను. ‘నడుస్తున్నదాన్ని ఆపకుండా మార్చేవాణ్ణి నేను ఇక్కడుండగా ఆపడమేమిటి?’ ఆయన దారి వదిలాడు. లోపలికి వెళ్ళాను. ఆవిడ కళ్ళు తెరిచే ఉంది. ‘వచ్చారా? ఇవాళ ఎన్ని?’ అంది. ‘ఒక్కటే’ అన్నాను. ఒక్కటే కదా ఉండేది. మొదటి గడిలో ‘ఆగు’ పెట్టాను. రక్తం వచ్చింది, కాపలావాడు పక్కనుంచి దాటించాడు. మిగతా గళ్ళు రాశాను. గుండె ఒక్కసారి కూడా తప్పకుండా కొట్టుకుంటూనే ఉంది. గుర్తు తీసేశాను. ఆవిడ లేచి కూర్చుని, జుట్టు సర్దుకుని, ‘పదండి, బట్టలు ఆరేసి వచ్చాను, వాన పడేలా ఉంది’ అంది. ఇద్దరం నడుచుకుంటూ వచ్చేశాం. ఇప్పుడు లోపలే ఉంది. వంట చేస్తోంది. గిన్నెల చప్పుడు వినపడట్లేదూ?

ఏరా, సొంత తమ్ముడివి, నువ్వు చెప్పు. మీ అక్క వంటింట్లో చప్పుడు చేస్తుంటే నీకు వినపడట్లేదూ?

“వినపడుతోంది బావా.”

“అబద్ధం, నాన్నా.”

నువ్వా తల్లీ. తలుపు దగ్గర ఎప్పుడొచ్చి నిలబడ్డావు? మా అమ్మాయండీ. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడలేదు. కంచం పెడుతుంది, తీస్తుంది, అంతే. ఇదే మొదటి మాట.

“ఆ గిన్నెల చప్పుడు నాది. అమ్మ లేదు. నువ్వు లోపలికి వెళ్ళలేదు, ఎవరూ వెళ్ళనివ్వలేదు. బయట బెంచీ మీద నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. గుండె ఆపారు. మళ్ళీ మొదలవలేదు.”

సరేనమ్మా. మరి విమానం? భూమి? పోనీ, ఆ మిషనన్నా ఉంచు.

“మిషన్‌కి నాలుగే ప్రాసెసర్లు. పేర్లు రాసుకునేవాడి గుమ్మంలో రాయకూడదని తెలిసి కూడా పొరపాటున అక్కడే రాశావు. వాడు ఎవరి పేరు రాయబోయినా ముందు తన పేరు రాసుకోవాలి, అది రాయబోతే మళ్ళీ తన పేరే. అలా తన చుట్టూ తనే తిరిగి తిరిగి మిషన్ పడిపోయింది. నువ్వు ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చావు. అమ్మే చెప్పింది నాకు.”

అదీ చెప్పేసిందా నీకు? ఇంతమందిలో ఆవిడ ఎప్పుడూ అంతదాకా వెళ్ళలేదు. నాలుగన్నారు అని నవ్వి ఊరుకునేది, నా పరువు కాపాడేది. నువ్వు కాపాడలేదు. మంచిపని చేశావు తల్లీ, నాకు ఊపిరి ఆడుతోంది.

ఆ మిషన్ కాసేపటికి తనంతట తనే లేచిందండీ. ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలెట్టింది. అదే నా కొంప ముంచింది. ఆగినవి మళ్ళీ మొదలవుతాయనుకున్నాను. డాక్టరు ఆపుతామంటే సరేనన్నాను. ఎదురు మాట ఒక్కటి కూడా అనలేదు నేను. సరేనన్నాను.

“నేనూ సరేనన్నాను నాన్నా. అందుకే నీ మొహం చూడలేకపోయాను.”

అయ్యో, నా పిచ్చితల్లీ. ఇన్నాళ్ళూ అదా నీ మనసులో? నేనింకా నువ్వు నన్ను తిట్టుకుంటున్నావనుకున్నాను.

“ఇక దిగు నాన్నా. అన్నం చల్లారిపోతోంది.”

విన్నారుగా. కథ అయిపోయింది. లేవండి, మీరూ ఇక్కడే తిని వెళ్ళండి. ఏదీ తల్లీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు, చాలా పైకెక్కేశాను.