పరీక్షకు పంపని తల

నా పేరు వెర్లిన్ హూబ్ష్. వయసు అరవై తొమ్మిది. ముప్పై నాలుగేళ్లు పాల ట్యాంకరు నడిపాను, ఇప్పుడు పనేం లేదు. ఉండేది విస్కాన్సిన్‌లో, బేర్ హాలో రోడ్డు చివరి ఇంట్లో. ఒక్కణ్ణే ఉంటాను. నా భార్య డోరిస్ పోయి నాలుగేళ్లయింది. ఈ రోజు డిసెంబరు 23, సోమవారం, ఉదయం తొమ్మిదింపావుకి వన్యప్రాణి అధికారిణి క్రూగర్ గారి దగ్గరికి, ఎవరూ పిలవకుండా, నా అంతట నేనే వచ్చి ఇది చెబుతున్నాను.

మొదటి తప్పు మొక్కజొన్న. మన కౌంటీలో జింకలకి మేత వెయ్యకూడదని నాకు తెలుసు. అన్నీ ఒకే చోట మూతి పెడితే ఒకదాని చొంగ ఇంకొకటి నాకుతుందని, చిక్కిపోయే జబ్బు అలాగే అంటుకుంటుందని, ఆ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుందని బోర్డు మీద రాసి పెట్టారు. ఆ బోర్డు మా రోడ్డు మలుపులోనే ఉంది. అయినా డోరిస్ పోయిన చలికాలం నుంచి రోజూ సాయంత్రం నాలుగున్నరకి కొట్టం వెనక ఒక బకెట్టు పోసేవాణ్ణి. ఎందుకని మీరు అడిగారు. నాలుగున్నరకి ఎవరో ఒకరు వచ్చేవాళ్లు కదమ్మా, అందుకు.

వాటిలో ఎడమ చెవి చిరిగిన ఆడ జింక ఒకటి. మూడు వేసవులు వరసగా కవల పిల్లల్ని వెంటేసుకొచ్చింది. మిగతావి నన్ను చూడగానే తెల్లతోక ఎగరేసి పారిపోయేవి, ఇది పారిపోయేది కాదు. దాంతో మాట్లాడేవాణ్ణి. మోకాళ్ల నొప్పి గురించి, మంచు గురించి, ఏదో ఒకటి. ఈ ఆగస్టులో దాని డొక్కలు బయటపడ్డాయి. అక్టోబరుకి వెన్నెముక అంతా తేలిపోయింది. తల వేలాడేసి, కాళ్లు ఎడంగా పెట్టి, చొంగ కారుస్తూ నిలబడేది. ఎప్పుడు చూసినా నీళ్ల దగ్గరే. అదేంటో నాకు తెలుసు. తెలిసీ మీకు ఫోను చెయ్యలేదు.

నవంబరు 23, శనివారం, తుపాకీతో జింకల వేటకి అనుమతిచ్చే రోజుల్లో మొదటిది. నా అడవి చెక్కలో మా వేటగుడిసె ఉంది. ఒకప్పుడు ఏడుగురం దిగేవాళ్లం. ఇద్దరు పోయారు. ఇద్దరు చలి పడక అరిజోనా వెళ్లిపోయారు. ఒకడికి మతి తప్పితే వృద్ధాశ్రమంలో పెట్టారు. మిగిలింది నేనూ, రోలీ జాస్ట్రో. మా గుడిసెలో ఒక పద్ధతి ఉంది. ఎవడు కొట్టినా మాంసమంతా ఒకే బల్ల మీద పోసి, ఒకే మరలో ఆడించి, సమానంగా పంచుకోవాలి. నాది, నీది అన్నవాడు ఆ వారమంతా గిన్నెలు తోమాలి.

ముందు రోజు సాయంత్రం పొయ్యి దగ్గర రోలీ అన్నాడు: "ఒరేయ్ వెర్లిన్, మా అమ్మాయి కార్లాకి ఆరో నెల. ఇక్కణ్ణుంచి పరీక్షకి పంపిన ఒక్క జింక తలకి జబ్బని తేలినా సరే, వచ్చే ఏడు నేను రాను. నువ్వూ నీ పొయ్యీ పేకాడుకోండి."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నిద్ర మాత్రం పట్టలేదు.

పొద్దున్న ఏడూ ఇరవైకి ఆ చెవి చిరిగినది చెట్లలోంచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. రోలీ చూస్తే జబ్బని కనిపెట్టేస్తాడు, ఇక గుడిసెకి రాడు. ఒక్క గుండుతో కొట్టాను. అతను వచ్చేసరికి చర్మం ఒలిచి ముక్కలు చేసేశాను. లోపల కొవ్వన్నదే లేదు.

"ఇంత బక్కదేంట్రా, నీ వంట గానీ పెట్టావా దీనికి?" అన్నాడు రోలీ.

"ముసలిది లేరా," అన్నాను.

అతను ఒక చిన్న మగ జింకని కొట్టాడు. రెండూ కలిపి మరలో వేశాం. వెయ్యొద్దని చెప్పడానికి నాకు మధ్యాహ్నమంతా టైముంది. చెప్పలేదు.

ఆదివారం తలలు రెండూ, జబ్బు పరీక్ష కోసం మీ శాఖ వాళ్లు పెట్టిన పెట్టెలో నేనే వేసొస్తానన్నాను. రోలీ జింక తల వేశాను. నా దాని తల గోనెసంచిలో చుట్టి కట్టెల పాకలో వేలాడదీశాను. డిసెంబరు 12న రోలీ జింకకి జబ్బు లేదని వచ్చింది. రెండింటికీ లేదని చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు.

రోలీకి కీళ్లవాతం, డాక్టరు మాంసం మానెయ్యమన్నాడు. అతని వాటా మొత్తం కూతురు కోసం ఫ్రీజరులో దాచాడు. మొన్న శనివారం ఫోను చేశాడు. "కార్లా వచ్చిందిరా, నీ జింకే కూర. గడ్డం గీసుకుని తగలడు," అన్నాడు. డోరిస్ పోయాక నన్ను భోజనానికి పిలిచిన ఇల్లు అదొక్కటే. గీసుకున్నాను. సరిగ్గా రాలేదని మళ్లీ గీసుకున్నాను.

పన్నెండూ పదికి బల్ల దగ్గర కూర్చున్నాం. కార్లా నా పక్కన. "వెర్లిన్ మామా, చెయ్యి ఇలా ఇవ్వు," అని తన పొట్ట మీద పెట్టుకుంది. "తంతున్నాడు చూడు, నీ జోకులకే." నిజంగానే తన్నాడు. తర్వాత ఆ పిల్ల చెంచా తీసింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

"తినకమ్మా."

"ఏం, కాలుతోందా?"

"నా జింకకి జబ్బు. తల పంపలేదు."

రోలీ కార్లా ముందున్న గిన్నె తన వైపు లాక్కున్నాడు. తర్వాత, "నువ్వు తిన్నావా?" అన్నాడు.

"రోజూ."

"తెలిసీ తిన్నావా?"

"మీకు పెట్టి నేను తినకపోతే ఎలారా?"

కూర తీసుకెళ్లి చెత్తలో పోశాడు. ఫ్రీజరులో ఉన్న పొట్లాలన్నీ నాలుగు విడతల్లో తెచ్చి నా బండిలో వేశాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. గుడిసె రెండో తాళంచెవి తన గుత్తిలోంచి తీసి నా జేబులో వేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తల, పొట్లాలు బయట నా బండిలో ఉన్నాయి, తీసుకోండి. ఈ జబ్బు మనుషులకి అంటినట్టు ఇంతవరకు ఎక్కడా తేలలేదని, అయినా తినకూడదని మీరు చెప్పారు. విన్నాను. శిక్ష ఏదైనా ఒప్పుకుంటాను. ఆ తల పరీక్ష ఫలితం ఎవరికి చెప్పమంటారని అడిగారు. రోలీకి చెప్పండి. నా ఫోను ఎత్తడం లేదు, మీది ఎత్తుతాడు. ఈ కాగితం కూడా ఒకటి అతనికి పంపండి. కార్లా నోట్లో ఒక్క ముద్ద కూడా పెట్టలేదు, నేను పక్కనే కూర్చుని చూశాను. అది అన్నిటికన్నా పైన రాయండి.

దీన్ని అధికారి గారు నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నదంతా జరిగిందే, ఎవరూ నన్ను బెదిరించి చెప్పించలేదు. కార్లా సంగతి పైన రాయడానికి ఫారంలో చోటు లేదన్నారు. అందుకని కిందే, నా చేత్తో నేను రాస్తున్నాను: కార్లా తినలేదు.

(సంతకం) వెర్లిన్ హూబ్ష్