యాభై ఏండ్లు నిలిచే పాట

సాలు గోపాల్ సారూ, సాలు! చాయ్ వద్దు, బిస్కెట్ వద్దు. నేను చాయ్ తాగెతందుకు రాలే. గా చెత్తబండి మీది పాట బంద్ చేపిస్తరా, చేపియ్యరా? గదొక్కటి జెప్పుండ్రి, ఎల్లిపోత.

కాలనీ సంఘానికి సెక్రటరీ మీరు. బండి కిరాయికి మాట్లాడింది మీరు. నేను ఇంకెవని గల్ల పట్టుకోవాలె?

పొద్దుగాల ఏడు కొట్టంగనే షురూ! "వచ్చిండమ్మ వచ్చిండు, మా నర్సింహన్న వచ్చిండు! తలుపు తియ్యమ్మ, జల్ది బయటికి రావమ్మ!" డప్పులు, ఈలలు, ఎన్క కోరస్. ఎవరో మహానుభావుడు వస్తుండని సూస్తె ఏముంది? చెత్తబండి! ఆడోళ్ళు, మొగోళ్ళు డబ్బలు పట్టుకొని ఉరుకుతున్నరు. గా నర్సింహన్న ఎవరు సారు? నేను! ఇగో, మీ ముంగట కుర్చీల కూసున్న మనిషిని!

నవ్వకుండ్రి. మీకు నవ్వొస్తది. మీ పేరు బండెక్కలే గదా.

మొన్న మా మనుమరాలు వర్షిత బడి నుంచి ఏడ్సుకుంట వచ్చింది. ఏందే అంటె, క్లాసుల పోరలు టిఫిన్ డబ్బలల్ల మిగిలిన ఉప్మా తెచ్చి దీని ముంగట పెడ్తున్నరట. "మీ తాతకియ్యి" అంటున్నరట! బెజ్జంకిల భూములు అమ్ముకొని వచ్చి, గీ సిద్దిపేటల ఫంక్షన్ హాలు కట్టి, పదిమందిల నిలబడ్డోన్ని. నా ఇజ్జత్ ఏడికొచ్చింది? ఉప్మా మీదికి వచ్చింది.

ఏందీ? పాట నేనే చేపిచ్చుకున్ననా? చేపిచ్చుకున్న. కాదన్ననా? కని ఎందుకు చేపిచ్చుకున్న, ఎట్ల చేపిచ్చుకున్న, గది మీకు తెల్వదు. ఇనుండ్రి.

నేను మన వార్డుల కౌన్సిలరుకు నిలబడ్డ గదా. లీడరన్నంక పాట ఉండాలె. మన దిక్కు పాట లేని లీడరు ఎవడున్నడు ఇప్పుడు? సర్పంచుకు పాట, సర్పంచు తమ్మునికి పాట. బెజ్జంకి కాడ ఒకాయన ఓడిపోయినంక సుత చేపిచ్చుకున్నడు, ఓడిన బాధ మీద! మరి నేనేం తక్కువ?

కని నా ఆలోచన వేరే సారు. పదవి ఐదేండ్లు. పాట యాభై ఏండ్లు ఉండాలె. నేను పోయినంక, మా వర్షిత ముసల్దయినంక సుత, ఎవడో ఏడనో నా పాట పాడాలె. నాకు గంతే ఆశ. పెద్ద ఆశనే, అవు.

మరి యాభై ఏండ్లయినంక సుత యాదుండే గొంతు ఇప్పుడు ఎవరికుంది? గదే పెద్ద పంచాయితి అయింది మా ఇంట్ల.

మా సంతోష్ ఏమన్నడు? "బాపూ, ర్యాప్ పెట్టిద్దాం" అన్నడు. ఎంసీ మిర్చి అని ఎవడో ఉన్నడట. ఫోన్ల ఇనిపిచ్చిండు. ఎవడో కిరాయి ఇయ్యనోడు ఓనరుతోని లొల్లి పెట్టుకుంటుండనుకున్న, అది పాటనట! "వాని ఫాలోవర్లను సూడు బాపూ" అంటడు. ఏం సూడాలె? పొద్దుగాల ఒకని ఎన్కబడి మాపటికి ఇంకొకని ఎన్కబడేటోళ్ళు, యాభై ఏండ్లకు ఏడుంటరు వాళ్ళు?

కోడలు సినిమాల పాడే పిల్లగాన్ని చెప్పింది. గొంతు తేనె లెక్క ఉంటదట. సరే అని వాని పాటొకటి, ఇంకొకని పాటొకటి పెట్టి, ఏది ఎవరిదో చెప్పు బిడ్డా అన్న. చెప్పలేకపాయె. మిషిన్ల ఏసి అందరి గొంతు ఇస్త్రీ చేస్తున్నరు సారు, ముడుతనే లేదు. ముడుత లేని గొంతును ఏం జూసి గుర్తుపడ్తం?

వర్షితదేమో కొరియా బ్యాండ్. ఒక్కొక్కని మొఖానికి మన పెండ్లిపిల్ల కన్న ఎక్కువ పౌడరు! ఒక్క ముక్క అర్థం కాదు, కని దీనికి మొత్తం నోటికొచ్చు. "తాతా, వీళ్ళు ఫరెవర్" అన్నది. మొన్న అడిగితె, "ఇడిపోయిన్రు తాతా" అని ముక్కు చీదింది. గంతే ఫరెవర్.

వీళ్ళందరి కన్న పాట ఆయుష్షు నాకు బాగ ఎరుక సారు. ఎందుకు? ఫంక్షన్ హాలు ఓనర్ని. మాఘమాసంల బరాత్‌కు ఏ పాటకైతె పెండ్లికొడుకు తల్లి సుత ఎగిరిందో, శ్రావణంల గదే పాట పెడితె డీజే పోరన్ని పట్టుకొని తిట్టిన్రు, గింత పాతది పెడ్తవా అని! కోట్లమంది సూసిన పాట సారు! గంతమంది సూసి ఏం ఫాయిద? మొన్న ఆ డీజే పోరనికే ఆ పాట పేరు చెప్పి పెట్టుమంటె, "ఏ పాటన్నా?" అన్నడు. వానికే యాది లేదు.

మా ఇంటామె ప్రమీల మాత్రం చిక్కుడుకాయ తుంచుకుంట ఒక్కటే మాటన్నది. "ఉత్తగ ఇనే పాట చెవుల పడి పోతది. చేతికి పని జెప్పే పాట యాదుంటది. బతుకమ్మకు సప్పట్లు కొట్టుకుంట తిరుగుతం, గందుకే అవి మాకు యాదికున్నయి" అన్నది. నేను పట్టించుకున్ననా? చిక్కుడుకాయల ముచ్చట అనుకున్న.

ఆఖరికి లిడియాను పట్టిన. యాదుందా ఆమె? లేదా? సూసిన్రా! రెండేండ్ల కింద ఏ ఫోన్ల సూసినా ఆమెనే ఉండె. మంచి గొంతు. ఇస్త్రీ లేని గొంతు. ఈమె యాభై ఏండ్లు ఆగుతదని నాకు అనిపిచ్చింది.

స్టూడియోల కూసోబెట్టి చెప్పిన. అమ్మా, పాటల పార్టీ పేరు వద్దు, పార్టీలు మారుతయి. గుర్తు వద్దు, మళ్ళ ఎలక్షన్‌కు ఆ గుర్తు వస్తదో రాదో. వార్డు నంబరు వద్దు, అది సుత మారుస్తరు. ఓటు అన్న మాటనే వద్దు, చీప్‌గ ఉంటది. నా పేరు ఉండాలె, నేను వాళ్ళ ఇంటి ముంగటికి రావాలె, వాళ్ళు బయటికి రావాలె. గంతే. యాభై ఏండ్లయినా పాడువడనట్టు ఉండాలె!

ఆమె ఒక్కటే అడిగింది. "మరి బయటికొచ్చినంక ఏం చెయ్యాల్నో జనానికి ఎట్ల తెలుస్తది సార్?" అన్నది. "వస్తె వాళ్ళకే తెలుస్తదమ్మా, నువ్వు పాడు" అన్న. ఎంత తెలివి నాది! ఎంత తెలివి!

ఇంకొకటి చెప్త, ఎవరితోని అనకుండ్రి. పాట ఎక్కిచ్చిన పెన్‌డ్రైవ్ పట్టుకొని వర్గల్ సరస్వతమ్మ గుడికి పోయిన. పిల్లగాండ్లకు అక్షరాలు దిద్దిచ్చే కాడ, పలకలు బలపాల నడుమ నా పెన్‌డ్రైవ్ పెట్టిన. పంతులు సూసి "ఇది ఏ పిల్లగానిది?" అన్నడు. "నాదే" అన్న. పాపం ఆయన దాని మీద సుత నాలుగు అక్షింతలు ఏసిండు.

పాట అదిరింది సారు. మీరు సుత బయటికొచ్చి సూడలేదా? నేను గల్లీల అడుగుపెడితె జనం వాకిట్లకొచ్చి ఎగిరిన్రు. కని బూతుకు పోయినంక? ఏ బొమ్మ మీద గుద్దాల్నో ఎవనికి ఎరుక? నేను చెప్తె గదా! ఒక ముసలామె ఓటేసి వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "నీకే గుద్దిన బిడ్డా, కుట్టుమిషను మీద" అన్నది. ఆమె కండ్లల్ల నీళ్ళు. కుట్టుమిషను నా మీద గెలిచినోనిది సారు!

పోనీ. ఓడిపోయిన, ఇంట్ల కూసున్న. పాట కథ ఒడిసిందనుకున్న. అప్పుడే గదా మీరు భూపతి ఆటోను చెత్తకు మాట్లాడింది! ఎలక్షన్ల నా ప్రచారానికి తిరిగిన ఆటోనే అది. మైకు గదే, పాటల డబ్బ గదే, దాంట్ల నా పాట గట్లనే ఉంది.

మొదలు మీరు ఏదో పెట్టిన్రు. "తడి చెత్త, పొడి చెత్త వేరు చేయవలెను" అని, వార్తలు చదివినట్టు. ఒక్కరన్న బయటికొచ్చిన్రా? రాలే. ఒకనాడు భూపతి చెయ్యి తాకి నా పాట మోగింది. మళ్ళ ఎలక్షన్లొచ్చినయని కాలనీకి కాలనీ వాకిట్లకొచ్చింది. సూస్తె చెత్తబండి! ఎట్లన్న వచ్చినం గదా అని లోపటికి పోయి డబ్బ తెచ్చిచ్చిన్రు. తెల్లారి డబ్బతోనే వచ్చిన్రు. ఇగ గంతే.

అవు, నేను లొల్లి చేస్తె మీరు మార్చిన్రు, ఒప్పుకుంట. సినిమా పిల్లగాన్ని పెట్టిన్రు. ఎవరిదో బరాత్ పోతుందనుకొని ఎవరు రాలే. ఎంసీ మిర్చిని పెట్టిన్రు. మూల మీది ముసలాయన కొట్లాటైతుందని పోలీసులకు ఫోన్ చేసిండు. కొరియాను పెట్టిన నాడు మా వర్షిత ఒక్కతే ఉరికింది, అది సుత ఎగిరెతందుకు, చెత్త లేకుంట! ఇండ్లల్ల డబ్బలు నిండి వాసనొస్తుంటె, ఆడోళ్ళే మీ దగ్గరికి వచ్చి "నర్సింహన్నను పెట్టుండ్రి" అన్నరు. గదే నాకొచ్చిన మెజారిటీ.

గందుకే ఇయ్యాల తేల్చుకుందామనే వచ్చిన. ఇగ నాతోని కాదు. నా పేరు నాకియ్యుండ్రి.

ఏందది? పెన్‌డ్రైవా?

కొత్త పాట చేపిచ్చిన్రా? నా పేరు లేకుంటనా? రేపటి నుంచేనా?

ఆ... మంచిది. మంచిదే గదా. నేనడిగింది గదే. సంతోషం సారు.

ఎవరు పాడిన్రు? ఎవరో కొత్త పిల్లనా. మంచిది. యాదుంటదా ఆమె? నాకేం తెలుసు అంటరా. అవు, మీకేం తెలుసు. ఎవనికి తెలుసు?

లేదు లేదు, లేస్తున్న. ఎల్లిపోత. చెప్పులు ఏడ ఇడిసిన్నో సూస్తున్న, గంతే.

ఒక్క ముచ్చట సారు. నా మీద గెలిచినాయన పాట మీకు యాదుందా? పెద్ద సింగర్‌తోని పాడిచ్చిండు, హైదరాబాద్ స్టూడియోల. మొన్న పెండ్లికి మా హాలుకొచ్చిండు. "అన్నా, నీ పాట ఒక్క చరణం అను" అన్న, నవ్వులాటకే. నోరు తెరిచిండు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. రాలే సారు! ఆయన పాట ఆయనకే రాలే! ఎన్కకెళ్ళి వాళ్ళ డ్రైవరు ఏం పాడిండో ఎరుకేనా? "వచ్చిండమ్మ వచ్చిండు." నాది!

లిడియాకు సుత ఫోన్ చేసిన. అమ్మా, నీ పాట చెత్తబండి మీద తిప్పుతున్నరు, నేను బంద్ చేపిస్త, నువ్వు ఫికర్ చెయ్యకు అన్న. ఆమె నవ్వుతదనుకున్న, లేకుంటె తిడతదనుకున్న. రెండూ కాలే. "సార్, నేను పాడిన పాటలన్ని ఫోన్లల్ల వచ్చినయి, ఫోన్లల్లనే పోయినయి. ఇప్పుడు నన్ను పిలిచేటోళ్ళు లేరు. రోజు పొద్దుగాల మోగేది గదొక్కటే. బంద్ చేపియ్యకుండ్రి" అన్నది.  పాపం కోట్లమంది సూసిన మనిషి.

పక్క గల్లీల శ్వేత బిడ్డకు ఇంక మాటలు రాలే. అవ్వ అనదు, నాయిన అనదు. బకెట్ సప్పుడైతె చాలు, "వత్తిందు, వత్తిందు" అంటది. నా పేరుకు ఇంక నోరు తిరుగుతలేదు. తిరుగుతది. యాభై ఏండ్లకు గా పిల్ల ముసల్దయితది. నేనుండ. నా ఫంక్షన్ హాలు కూలగొట్టి ఇంకేందో కడ్తరు. గా కుట్టుమిషనాయన ఫోటో ఏ గోడకు ఉండదు. కని ఏడనో గీ డప్పు ఇనబడితె, గా ముసల్ది లేచి చెత్త డబ్బ ఎతుక్కుంటది. ఎందుకో దానికే తెల్వది. నర్సింహన్న వచ్చిండు అంటది.

గంతకన్న ఏం గావాలె సారు? నేనడిగింది గదే. ఎట్ల యాదుండాల్నో చెప్పుడు మర్చిపోయిన, గంతే. గుర్తు చెప్పుడు మర్చిపోయినట్టే.

మీకు ఇంకో మాట చెప్పాలె. భూపతి మా ఇంటి ముంగట పాట బంద్ చేస్తుండు. పెద్దమనిషి ఇల్లని, మర్యాదకు. బండి వచ్చింది తెల్వది, పోయింది తెల్వది. మా చెత్త మా దగ్గరనే. ప్రమీల రోజు లొల్లి.

గందుకని నేనే డబ్బ పట్టుకొని పక్క గల్లీకి పోతున్న. పొద్దుగాలనే పోయి నిలబడుతున్న. అబద్ధం ఎందుకు, చెత్త లేని నాడు సుత పోతున్న. నిన్న ఆడోళ్ళ నడుమ నిలబడి కోరస్ నేను సుత అందుకున్న. ఒకామె నా దిక్కు సూసి, "అన్నకు పాట మంచిగ వస్తదే" అన్నది. ఆమెకు నేనెవరో తెల్వది.

ఆ పెన్‌డ్రైవ్ ఇటియ్యుండ్రి. నా జేబుల ఉండనియ్యుండ్రి. వర్షితకు నేను జెప్పుకుంట.

భూపతికి మాత్రం ఒక్క మాట చెప్పుండ్రి. మా ఇంటి ముంగట సౌండ్ బంద్ చెయ్యొద్దని. జర పెంచినా పర్వాలేదని.

ఏది, ఆ చాయ్ ఏది? సల్లారిందా? సల్లారితె సల్లారింది, ఇటియ్యుండ్రి.