అరెస్టు కాని ఓజెల్లా

హలో… ఆ, జనీస్, నేనేనే, మీ ఓజెల్లా పిన్నిని. ఇంకెక్కడుంటాను, మీ తాత కట్టిన ఇంటి వరండాలోనే. ఎదురుగా బుల్డోజర్.

…

నువ్వే లాయరువి, నువ్వే చెప్పు. డెట్రాయిట్‌లో ఉండి మన ముఖమైనా చూడని చుట్టం ఈ ఇంట్లో తన వాటా బిల్డర్ల కంపెనీకి అమ్ముకుంటే ఇల్లంతా వాళ్ళదైపోతుందా?… వీలునామా లేకపోతే అంతేనా! మా నాన్న నల్లవాళ్ళ హక్కుల కోసం ఊరందరి చేతా ఊరేగింపులు చేయించాడు గానీ ఒక్క కాగితం రాయలేదే.

జడ్జి స్టే మీద సంతకం పెట్టాడా?… భోంచేస్తున్నాడా!

పోలీసా? వచ్చాడు. డారియస్. ఆదివారం బడిలో నా దగ్గరే చదివాడు. అరెస్టు చెయ్యరా అంటే "అలాగే టీచరమ్మా" అని నా కేకు తింటున్నాడు.

…

అరెస్టు కాకూడదా? ఎందుకని?… ఓ. నేను లేస్తే కూల్చేస్తారు. సరే, సంతకం దాకా కదలను.

కానీ నా బాధ నీకేం తెలుసు? ఇదే వంటింట్లో, పంతొమ్మిదివందల అరవైలో మీ అమ్మావాళ్ళకి శిక్షణ. మనల్ని రానివ్వని తెల్లవాళ్ళ హోటల్లో పట్టుబట్టి కూర్చుంటే, నెత్తిన ఏం పోసినా చెయ్యెత్తకూడదని. నాకు పదకొండేళ్ళు. నాకిచ్చింది తిట్టే తెల్లదొర వేషం!… ఆ, మీ అమ్మ నెత్తిన చెరుకుపాకం పోసింది నేనే. తను అయిదుసార్లు జైలుకెళ్ళింది. మన కుటుంబ కలయిక టీషర్టు మీద జైలుకెళ్ళినవాళ్ళ పేర్లు బంగారు రంగులో. నా పేరు? బంగాళాదుంప సలాడ్ కమిటీ కింద!

ఒక్క నిమిషం… ఎదురింటి కొత్తమ్మాయి. మంగలి షాపు తీసేసి యోగా పెట్టిందే, ఆ పిల్ల. ఇదేం ఆసనమని అడుగుతోంది. — చాలా పాతదమ్మా. కూర్చో.

చూశావా, కూర్చుంది! కుక్క కూడా.

జనీస్… డారియస్‌కి పైవాళ్ళు ఫోన్ చేశారు. కేకు కింద పెట్టాడు. బుల్డోజర్ స్టార్ట్ చేశారు! ఏదీ ఆ జడ్జి సంతకం?… ఇదుగో, ఆ శిక్షణలో చెప్పినట్టే ఒళ్ళు వదిలేస్తున్నా, తడిసిన బస్తాలా. ఎత్తనీ చూద్దాం. అసలే వాడికి నడుంనొప్పి!

…

ఏమిటీ? పెట్టేశాడా? ఇల్లు ఆగిందా!… నా తల్లే, నా బంగారమే!

ఆగాగు, బుల్డోజర్ వాళ్ళకి పంపు, వెంటనే పంపు. డారియస్‌కి మాత్రం వద్దు. అయిదు నిమిషాలాగి చెప్పు… ఎందుకేమిటే? ఇంకా ఒక చేతికే వేశాడు బేడీ!

— ఒరేయ్ డారియస్, ఈ చెయ్యి మర్చిపోయావు నాయనా. ఉండు, ఫోన్ పెట్టేస్తా—