జీలకర్ర డబ్బాలో మాత్రలు

ఏంటి, మీ అమ్మ కడుపుమంట మాత్రలు మానేస్తానంటోందా? కేన్సర్ వస్తుందని ఫోన్లో చదివి నువ్వే చెప్పావా? కూర్చో అల్లుడూ. టీ సగం గిన్నే పొయ్యి, మనలో నిండా పోస్తే లేచి పొమ్మన్నట్టు. మా చెల్లి నీకు ఇదీ నేర్పలేదా?

తోలిబ్‌జాన్ అని ఉండేవాడులే, పెళ్ళి పులావ్ వండేవాడు. మన మర్గిలాన్ ఊళ్ళో వాడు గరిటె పట్టని పెళ్ళి లేదు. తెల్లారి నమాజు కాగానే మూడొందల మందికి పెట్టాలా, ముందు వంటవాడు మరిగే కొవ్వు రసం గరిటెడు తాగి తల ఊపాలి. ఊపితేనే మా పేటలో పళ్ళెంలో చెయ్యి పెడతారు. ముప్పై ఏళ్ళు తాగాడు. కడుపు మండదూ? మాత్రలు జీలకర్ర డబ్బాలో దాచుకుని మింగేవాడు. ఎందుకంటావేం, తను వండింది తనకే పడదని తెలిస్తే ఏ పెళ్ళికి పిలుస్తారు? ఆ డబ్బా నా కంటనే పడాలా! నోట్లో మాట ఆగుతుందా నాకు, చాయ్‌ఖానాలో చెప్పేశాను. అక్కడ నబీ పంతులు ఉండేవాడు, బళ్ళో భూగోళం చెప్పేవాడు. జేబులోంచి పేపరు ముక్క తీసి, నాలుక కింద పొగాకు పొడి నొక్కుకుని, మాట ముద్దవుతుంటే, "ఇవి మింగితే కేన్తరే, రాతారు చూడండి" అన్నాడు. మా అందరి నోళ్ళలోనూ పొగాకే, మోచేతుల దాకా కొవ్వే. అయినా మాత్రలు మానాల్సిందేనని చేతులెత్తి తీర్పిచ్చాం. సిగ్గుకి, అక్కడే కూర్చున్న తోలిబ్ కూడా ఎత్తాడు!

ఆస్పత్రి డాక్టరమ్మ గుల్చెహ్రా మాత్రం, "తోలిబ్ అన్నా, కొందరి లెక్కల్లో ముప్పు కాస్త ఎక్కువ కనబడింది, కొందరికి కనబడలేదు. మాత్ర వల్లనా, మాత్ర దాకా తెచ్చిన జబ్బు కడుపు వల్లనా అన్నది తేలలేదు. అడక్కుండా ఏళ్ళ తరబడి మింగడం తప్పే, నీ అంతట నువ్వు మానడమూ తప్పే. వచ్చి గొట్టం మింగు, లోపల చూస్తాను" అంది. చాయ్‌ఖానాలో అది విని పంతులు నవ్వాడు. "ఇంత చదివి తేలలేదంటుందా? మాకు అరగంటలో తేలింది!" ఇక మాత్రలు మింగితే మా ఇళ్ళ పెళ్ళిళ్ళకి పిలిచేది లేదన్నాం. డబ్బా కాలవలో విసిరింది నేనే, జీలకర్రతో సహా. "అది కొండ జీలకర్రరా, పాపం" అన్నాడు తోలిబ్. అంతే అన్నాడు. పంతులు చెప్పిన మందు ఇంకోటి: కరిగించిన గొర్రెతోక కొవ్వు, పరగడుపున.

డబ్బా పారేసిన పద్దెనిమిదో రోజు పంతులు కూతురి పెళ్ళి. తోలిబ్ గరిటెడు తాగాడు, తల ఊపాడు. జనం తిన్నారు. వాడు కడాయి వెనక్కి పోయి నల్లగా కక్కుకుని, ఎవరూ చూడకుండా బూడిద కప్పాడు. సాయంత్రానికి పోయాడు. "కేన్సర్ కాదు, పుండు. పగిలింది" అంది డాక్టరమ్మ. చాయ్‌ఖానా వింటుందా? "చూశారా, మాత్రలే తినేశాయి వాణ్ణి!" ఇరవై రెండేళ్ళుగా అదే పాట. నేనూ అన్నాను. పంతులు కంటే గట్టిగా అన్నాను. అనకపోతే మరి ఆ డబ్బా విసిరిన చెయ్యి...

టీ చల్లారింది, పారబొయ్యి. మీ అమ్మ మాత్రలు తెచ్చావా? ఏవీ, ఇటు చూపించు... వద్దొద్దు, నా చేతికివ్వకు. డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళు, పో.