ఇస్త్రీ నీళ్ళు

ఇస్త్రీ కొట్టు షట్టరు సగమే లేచి ఉంది. మొగుడూ పెళ్ళామూ ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చారు. ఆయన డయాలసిస్ సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. ఆమె వచ్చీ రాగానే బల్ల కింద ఏదో వెతుకుతోంది. ఏం దొరుకుతుందో ఆయనకు తెలుసు.

"ఈ చెంబేంటి?"

"చెంబే."

"చెంబని నాకూ తెలుసు. ఇక్కడికెందుకొచ్చింది? నేను కొనిచ్చిన స్ప్రే సీసా ఏది?"

"దాని మూతి విరిగింది. ధారలు ధారలుగా కారి తెల్లచొక్కాలన్నీ మరకలు..."

"అందుకని?"

"అందుకని పాత పద్ధతే. నోటినిండా నీళ్ళు పోసుకుని బట్టల మీద ఊదడం. మా నాన్న అట్లాగే చేసేవాడు. మడత ఎంత బాగా నిలబడుతుందో..."

"మడత సంగతి తర్వాత. పోసుకున్నదంతా ఊదావా?"

"ఊదక?"

"నా మొహం చూసి చెప్పు."

"ఊదాననే అంటున్నాగా."

"చొక్కా మీద ఊదిన నీళ్ళు ఆవిరైపోతాయి. మరి నీ ఊపిరితిత్తుల్లో నీళ్ళెక్కడివయ్యా?"

"ఒకటీ అరా గుక్క జారుతుందే. నోటి దాకా వచ్చాక గొంతు ఊరుకుంటుందా?"

"అయ్యో, అయ్యో! డాక్టరమ్మ చెప్పిందని ఇంట్లో చిన్నగ్లాసుతో నీళ్ళు కొలిచి పోస్తున్నాను. నువ్వు స్నానానికి వెళ్తే తలుపు బయట కాపలా కాశాను. మొగుడికి మంచినీళ్ళు కూడా పొయ్యని రాక్షసి అని వీధి వీధంతా అంది. పడ్డాను. ఇక్కడ నువ్వు చేసిన నిర్వాకం ఇదా?"

"అరవకు. బయట వాళ్ళు వింటారు."

"విననీ. డాక్టరమ్మ ఏమందో నువ్వు విన్నావా?"

"గుండె పెద్దదైందంది. పెద్దమనసున్నవాణ్ణని నేనెప్పుడో చెప్పాను."

"నవ్వావంటే ఈ ఇస్త్రీపెట్టె నీ నెత్తినేస్తాను."

"కిడ్నీలు పోయాయన్నారు, సరే. మధ్యలో గుండెకేమైందే?"

"కొట్లో ఒకడు పని మానేస్తే వాడి మూటలన్నీ ఎవరు మోస్తారు?"

"పక్కవాడు."

"అదే అయింది. తాగింది తాగినట్టు ఒంట్లోనే నిలబడిపోయింది. ఆ బరువుకి బీపీ తోడైంది. తోసీ తోసీ గుండె కండ మందమెక్కి, ఇప్పుడిక నా వల్ల కాదని చతికిలబడింది. రక్తం ఎప్పుడో తగ్గిపోయింది. ఎముకలు గుల్ల. నరాలకి సున్నం పట్టిందట, పైపులకి పట్టినట్టు."

"సర్లే. తమ్ముడు కిడ్నీ ఇచ్చాక అన్నీ అవే సర్దుకుంటాయి. రోజు కూడా పెట్టేశారుగా."

"ముందు ఈ చెంబు బయట పారబోసి వస్తానుండు."

"మాట మార్చకు. రోజు పెట్టేశారు కదా?"

"అన్నయ్యా! వచ్చేశారా? షట్టరు కింద చెప్పులు చూసి లోపలికొచ్చాను. ఏమందొదినా డాక్టరమ్మ?"

"రా మరిదీ. నీ గురించే అనుకుంటున్నాం. మీ అన్నకి గుండె స్కాన్ తీశారు."

"అయ్యయ్యో. అయితే ఇంక ఆపరేషన్ లేనట్టేగా?"

"ఆపరేషన్ మాట నేనెత్తలేదే."

"అంటే... గుండె బాగోకపోతే చెయ్యరు కదా, మామూలుగా."

"మామూలుగానా? ఈయన్ని బయట కూర్చోబెట్టి నాకొక్కదానికే చెప్పారు, ఈ గుండె ఆపరేషన్ తట్టుకోదని. ఈయనక్కూడా ఇప్పుడే తెలిసింది. నీకెవరు చెప్పారు?"

"అదే... మొన్న నాకు పరీక్షలు చేసినప్పుడు మాటవరసకి అన్నారు."

"ఏమని?"

"అన్న నీళ్ళు ఎక్కువ తాగి గుండె పాడుచేసుకుంటే ఇంక మీ కిడ్నీతో పని ఉండదు, కాస్త కనిపెట్టి ఉండండి అని."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని."

"ఆ పరీక్షలైన మర్నాడే కదూ, అన్నకి సాయం చేస్తానని కొట్టుకి రావడం మొదలెట్టావ్? చెంబు రోజూ ఎవరు నింపుతున్నారు?"

"నేనే. అన్నయ్య వంగలేడని..."

"బల్ల మీద ఈ పొట్లం?"

"వేరుశనగలు. ఊరికే కాలక్షేపానికి."

"నాకి చూశాను. పైనంతా ఉప్పు. ఉప్పు తింటే దాహమేస్తుందని నీకు తెలీదూ?"

"వదినా, నువ్వేదో ఊహించుకుని..."

"సీసా మూతి నువ్వే విరిచావు. అవునా? అవునా కాదా?"

"నాకు భయం వదినా! నలుగురి ముందూ ఇస్తానన్నాను. ఎలా వెనక్కి తీసుకోను? ఒంటి మీద కత్తి పెడతారంటే నా వల్ల కాదు. నాకూ పిల్లలున్నారు."

"ఇవ్వనంటే సరిపోయేది కదరా మరిదీ!"

"ఇవ్వనంటే నన్ను తలెత్తుకుని తిరగనిస్తారా మీరు?"

"నువ్వు తలెత్తుకుని తిరగడానికి ఈయన పాడెక్కాలా? ఏమయ్యా, వింటున్నావా? నీ తోడబుట్టినవాడు గుక్క గుక్కగా పోసి నిన్ను చంపాడు. వాణ్ణి ఒక్క మాటైనా అనవేం?"

"నాకు తెలుసే."

"ఏం తెలుసు?"

"సీసా మూతి విరిగింది కాదు, విరిచిందని చూడగానే తెలిసింది. నా చేతికి చెంబిచ్చేటప్పుడు వాడు నా మొహం చూసేవాడు కాదు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, తప్పు చేస్తే మొహం చూడలేడు."

"తెలిసీ తాగావా? నా కష్టమంతా బూడిదలో పోసి, వాడి చేతి నీళ్ళు తెలిసి తెలిసి తాగావా? ఎందుకయ్యా?"

"ఎంత తాగావ్, ఎంత తాగావ్ అని ఇన్నేళ్ళూ నువ్వు అడుగుతూనే ఉన్నావు. దాహంగా ఉందా అని అడిగింది వాడొక్కడేనే."